ఎదురు కుర్చీ

నాకు కోపం ఎక్కువని అందరూ అంటారు. పచ్చి అబద్ధం. నాకు ఓపిక తక్కువ, అంతే. ఆ రెండింటికీ తేడా ఉంది. ఇన్నేళ్ళుగా విశ్వవిద్యాలయంలో గణాంకశాస్త్రం చెప్పుకుని బతుకుతున్నదాన్ని, తేడా ఎక్కడుందో ఎక్కడ లేదో నాకు కాకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మా విద్యార్థులు నాకు 'కత్తెర' అని పేరు పెట్టారు. నాకు వినపడదనుకుంటారు పాపం. నా చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి.

ఆ కత్తెర ఒకసారి సొంత కోడలి మీదికే వెళ్ళింది. ఆ సంగతే చెబుతాను.

మా దగ్గర శుక్రవారం సెమినార్ అని ఒకటుంది. ప్రజారోగ్యం వాళ్ళు, సూక్ష్మజీవుల వాళ్ళు, మందుల మీద పనిచేసేవాళ్ళు, మాలాంటి లెక్కలవాళ్ళు, అందరూ ఒకే హాల్లో చేరతారు. ఎవరి పరిశోధన అయినా బయటి ప్రపంచంలోకి వెళ్ళాలంటే ముందు ఈ హాలు దాటాలి. దాటడం మాటలు కాదు. ఎందుకంటే మాట్లాడే మనిషికి సరిగ్గా ఎదురుగా, మొదటి వరసకన్నా ముందు, ఒక కుర్చీ వేస్తాం. దాన్ని ఎదురు కుర్చీ అంటాం. అందులో కూర్చున్నవాళ్ళకు ఒకటే పని: ఆ పరిశోధనలో కన్నం వెతకడం. ఎవరు కూర్చోవాలో ఎవరూ ఎంచుకోరు. అందరి పేర్లూ చీటీల మీద రాసి, గాజు బీకరులో వేసి, ఒకటి తీస్తాం. చీటీ తగిలిన మనిషికి వారం ముందే సమాచారమంతా ఇచ్చేస్తారు. ఆ వారంలో మాట్లాడబోయే మనిషీ, చీటీ మనిషీ ఆ విషయం గురించి ఒకరితో ఒకరు ఒక్క ముక్క కూడా అనుకోకూడదు.

ఈ ఆఖరి నియమం నేనే పెట్టించాను. అంతకుముందు జనం టీ గదిలో గుసగుసలాడుకుని కన్నాలు పూడ్చేసుకునేవారు. హాల్లోకి వచ్చేసరికి అంతా సున్నం కొట్టిన గోడలా కనబడేది. అక్కడో కన్నం ఉండేదని మిగతావాళ్ళకు తెలిసేదే కాదు. ఏడాది తిరిగేసరికి ఇంకొకరు వచ్చి అచ్చంగా ఆ తప్పే చేసేవారు. చూసి చూసి ఒళ్ళు మండి నియమం పెట్టించాను. అది ఎక్కడెక్కడో తిరిగి మా వంటింట్లోకే వచ్చి కూర్చుంటుందని నాకేం తెలుసు?

మా కోడలు ప్రజారోగ్య శాఖలో పనిచేస్తుంది. మా అబ్బాయిని చేసుకోకముందే ఈ విశ్వవిద్యాలయానికి వచ్చింది. నా సిఫార్సుతో వచ్చిందని ఎవరైనా అంటే వాళ్ళకు మర్యాద దక్కదు. నాలుగేళ్ళుగా తను ఒకే పని మీద ఉంది. బిడ్డ పుట్టిన ఏడో రోజున నర్సు ఇంటికి వెళ్ళి చూసి, తల్లికి నాలుగు జాగ్రత్తలు చెబితే, మొదటి నెలలో పసిపిల్లలకు వచ్చే ఇన్ఫెక్షన్లు సగానికి సగం తగ్గుతున్నాయని తేల్చింది. సగం అంటే సామాన్యమా? ఆరోగ్య శాఖ అధికారి ఒకాయన అప్పటికే ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నాడు. మీ హాలు సరేనంటే చాలు, ఏడో రోజు సందర్శన అన్ని ఊళ్ళలోనూ మొదలుపెడతామని, దాన్ని నడిపించే బాధ్యత మా కోడలికే ఇస్తామని చెప్పాడు. ఆ ఒక్క శుక్రవారం దాటితే తన నాలుగేళ్ళ కష్టం గట్టెక్కినట్టే.

చీటీ తీసేరోజు బీకరు మా సెమినార్ అధ్యక్షుడి చేతిలో ఉంది. ఆయన సూక్ష్మజీవుల శాఖకు పెద్ద. ఎవరెంత అరిచినా "నిమ్మళం, నిమ్మళం" అంటూ ఉంటాడు కాబట్టి ఆయన్ని నిమ్మళం గారనే పిలుస్తాం. ఆ రోజు చీటీ విప్పి చూసి ఆయనే నిమ్మళం తప్పాడు. నా వంక ఒకసారి, మా కోడలి వంక ఒకసారి చూసి, నా పేరు చదివాడు. హాలంతా గొల్లుమంది.

"ఇంకేముంది, అత్తాకోడళ్ళ సీరియల్ మొదలు!" అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు.

"ఒకే ఇంటివాళ్ళు... అంత బాగుండదేమో. మళ్ళీ తీద్దామా అండీ?" అన్నాడు నిమ్మళం గారు.

నేను నోరు తెరిచేలోపే మా కోడలు లేచింది. "ఎందుకండీ? చీటీ చీటీయే. ఇవాళ ఆవిణ్ణి తప్పిస్తే, రేపు నా పని నిలబడినా, అత్తగారు లేరు కాబట్టి నిలబడిందంటారు. నాకు ఆ మాట వద్దు."

ఆ మాటకు నా వెన్ను నిటారుగా అయింది. పైకి మాత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నాను.

సోమవారం మధ్యాహ్నం నా గదిలో ఆ సమాచారం ముందేసుకుని కూర్చున్నాను. ఏ బిడ్డ జబ్బుపడింది, పుట్టిన ఎన్నో రోజున పడింది అని ఆరా తీస్తూ పోతుంటే తగిలింది. విషయం చాలా చిన్నది. నర్సు వెళ్ళేది ఏడో రోజున. అంటే నర్సు చూసిన ప్రతి బిడ్డా ఏడో రోజుదాకా ఇంట్లో క్షేమంగా ఉన్న బిడ్డే. మరి రెండో రోజునో మూడో రోజునో జబ్బుచేసి ఆసుపత్రిలో చేరిన బిడ్డ సంగతేమిటి? నర్సు వెళ్ళేసరికి ఇంటికి తాళం. 'సందర్శన జరగలేదు' అని రాసుకుని వెనక్కి వచ్చింది. రాసింది నిజమే. కానీ ఆ ఒక్క మాటతో ఆ బిడ్డ నర్సు చూడని పిల్లల కుప్పలో పడిపోయింది. అలా ముందే జబ్బుపడినవాళ్ళందరూ ఒకే కుప్పలో చేరారు. ఇక నర్సు చూసిన పిల్లల కుప్ప నిగనిగలాడక ఏం చేస్తుంది? నర్సు చూడనందువల్ల బిడ్డకు జబ్బు చేయలేదు, జబ్బు చేసినందువల్లే నర్సు చూడలేకపోయింది. తలా తోకా తారుమారయ్యాయి.

చదువుకోనివాళ్ళు చేసే తప్పు కాదిది. మా వృత్తిలో ఉన్నవాళ్ళకే పట్టే తెగులు. మహామహులే ఇందులో కాలు జారి పడ్డారు. ఇంకెప్పుడైనా అయితే కన్నం దొరికినందుకు లేచి వెళ్ళి ఓ మంచి టీ తాగేదాన్ని. ఆ రోజు మాత్రం కుర్చీలోంచి లేవలేదు. సగం అన్నది పోతుంది. ఎంత మిగులుతుందో, అసలు మిగులుతుందో లేదో కూడా తెలియదు.

ఇక ఇంట్లో మా బాధ చూడాలి. మా అబ్బాయి లిఫ్టుల కంపెనీలో ఇంజినీరు. మధ్యలో ఇరుక్కున్నవాళ్ళను బయటికి తీయడం వాడి ఉద్యోగం. ఆ వారం మాత్రం తనే ఇరుక్కుపోయాడు. భోజనాల దగ్గర ఒకవైపు నేను, ఒకవైపు మా కోడలు. మధ్యలో వాడు వాతావరణం గురించి మాట్లాడేవాడు. ఇంట్లో అంత వాతావరణం ఎప్పుడూ లేదు.

"అమ్మా, కూర బాగాలేదా?" అన్నాడు ఓ రోజు.

"బాగానే ఉంది."

"మరి ముఖం అలా పెట్టావేం?"

"నా ముఖమే అంత. ఇన్నేళ్ళూ చూడలేదా?"

మా కోడలు పకపకా నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు ముద్ద దిగలేదు.

చేతులు కడుక్కోవడానికి లేచినప్పుడు వాడు నా వెనకే వచ్చాడు. గొంతు తగ్గించి, "ఏమన్నా దొరికిందా?" అన్నాడు.

"నీకెందుకురా?"

"దొరికిందన్నమాట. అమ్మా, చెవిలో ఓ మాట వేసెయ్యకూడదూ? ఎండనకా వాననకా తిరిగింది. అందరి ముందూ దాని తల దించుతావా?"

"నియమం."

"నియమం పెట్టింది నువ్వేగా!"

"అందుకే కుదరదంటున్నాను."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. "నువ్వు మనిషివా, కత్తెరవా?" అని వెళ్ళిపోయాడు. ఆ పేరు వీడిదాకా పాకిందన్నమాట. కొళాయి తిప్పుకుని, అవసరం లేకపోయినా చేతులు మళ్ళీ కడుక్కున్నాను.

ఇంత గంభీరంగా చెబుతున్నానని నేనేదో రాతి మనిషిననుకోకండి. శుక్రవారం పొద్దున మా కోడలి గదిలోంచి గొంతు వినబడింది. అద్దం ముందు నిలబడి మాట్లాడాల్సింది వల్లె వేసుకుంటోంది. "ఇన్ఫెక్షన్లు సగానికి తగ్గాయి" అనే వాక్యం దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతులో ఎంత సంబరమో! నా కాళ్ళు నన్నడక్కుండానే ఆ తలుపు దాకా వెళ్ళాయి. తట్టబోయాను. ఇంతలో తనే తలుపు తీసింది.

"ఏం కావాలి అత్తయ్యా?"

"దువ్వెన," అన్నాను.

"మీ చేతిలోనే ఉందిగా," అంది.

చూస్తే నిజంగానే ఉంది. ఏదో గొణుక్కుంటూ వచ్చేశాను.

మధ్యాహ్నానికి హాలు కిటకిటలాడింది. కుర్చీలు చాలక గోడలకు ఆనుకుని కూడా నిలబడ్డారు. శాస్త్రం మీద అంత ప్రేమ ఒక్కసారిగా ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందో నాకు తెలియనిది కాదు. ఆరోగ్య శాఖ అధికారి మొదటి వరసలో పెన్ను విప్పి కూర్చున్నాడు. నేను ఎదురు కుర్చీలో సర్దుకున్నాను. నాకూ మా కోడలికీ మధ్య నాలుగు అడుగుల దూరం ఉంటుందేమో.

బాగా మాట్లాడింది. మా కోడలని చెప్పడం లేదు, నిజంగానే బాగా మాట్లాడింది. ఎక్కడా సోది లేదు, గొప్పలు లేవు. అధికారి తల ఊపుతూ రాసుకున్నాడు. సగం అనే అంకె తెరమీద పెద్దగా పడినప్పుడు గోడల దగ్గరున్నవాళ్ళు చప్పట్లు కూడా కొట్టారు. ఆ తర్వాత నిమ్మళం గారు నా వైపు తిరిగి, "ఇక మీరు," అన్నాడు.

లేచి నిలబడ్డాను.

"డాక్టర్ గారూ, నర్సు ఏడో రోజున వెళ్ళేసరికి ఇంటికి తాళం వేసి ఉంది. ఆ బిడ్డను మీరు ఏ కుప్పలో వేశారు?"

"నర్సు చూడని పిల్లల్లో వేశామండీ."

"తాళం ఎందుకు వేసి ఉంది?"

జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. ఆ ముఖంలోకి అర్థం మెల్లగా రావడం నేను నాలుగు అడుగుల దూరంలోంచి చూశాను. హాల్లో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

తప్పించుకోవాలంటే దారులు లేక కాదు. "మంచి ప్రశ్న, ముందు ముందు తప్పకుండా పరిశీలిస్తాం" అనవచ్చు. ఆ హాల్లో ఆ ముక్క విని విని నా చెవులు తుప్పు పట్టాయి. పెద్ద పెద్దవాళ్ళు ఆ మాట అడ్డం పెట్టుకుని దర్జాగా దాటిపోయారు. తను కూడా అంటుందేమోనని నేను భయపడ్డాను. అంటే నేను వదలను. వదలకపోతే ఏమవుతుందో కూడా నాకు తెలుసు.

"పది నిమిషాలు ఇవ్వండి," అంది మా కోడలు. "ఇక్కడే, మీ అందరి ముందే చూస్తాను."

కంప్యూటర్ దగ్గర కూర్చుంది. తను చేసే ప్రతి పనీ తెరమీద అందరికీ కనిపిస్తోంది. ఏడో రోజుకు ముందే జబ్బుపడిన పిల్లలను నర్సు చూడని కుప్పలోంచి తీసి పక్కన పెట్టింది. మిగిలినవాళ్ళను ఏడో రోజు నుంచి మాత్రమే లెక్కలోకి తీసుకుంది. మీట నొక్కింది. సగం కాస్తా ఉఫ్‌మని ఊదేసినట్టు ఎగిరిపోయింది. రెండు కుప్పలకూ ఉన్నదీ లేనిదీ చెప్పలేనంత తేడా మిగిలింది.

అధికారి పెన్ను మూత పెట్టేశాడు.

మా కోడలు లేచి నిలబడింది. "ఇందాక నేను చెప్పిన అంకె తప్పు. రాసుకున్నవాళ్ళు దయచేసి కొట్టేయండి. సరైనది ఇప్పుడు తెరమీద ఉన్నది."

ఇక చాలు, కూర్చోమ్మా అని నేనే అనబోయాను. తను కూర్చోలేదు. తెర వంక చూస్తూ నిలబడింది. మళ్ళీ వంగింది.

"ఒక్క నిమిషం అండీ. పక్కన పెట్టిన ఈ పిల్లలు..."

పక్కన పెట్టిన పిల్లలను మాత్రమే తీసుకుని, ఎవరు ఎన్నో రోజున జబ్బుపడ్డారో గీతలు గీయించింది. రెండో రోజు మీద, మూడో రోజు మీద గీతలు నిట్టనిలువుగా లేచాయి. ఆ తర్వాతవన్నీ పొట్టివి. నెల మొత్తంలో జబ్బుపడిన పిల్లల్లో చాలామంది అక్కడే ఉన్నారు.

"ఈ ఇళ్ళలో కొన్నింటికి నర్సుతోపాటు నేనూ వెళ్ళాను," అంది. ఇప్పుడు మాతో మాట్లాడుతున్నట్టు లేదు. "తలుపు కొట్టాం. ఎవరూ పలకలేదు. ఊరెళ్ళి ఉంటార్లే అనుకుని వచ్చేశాం. వాళ్ళు ఊరెళ్ళలేదు. బిడ్డని తీసుకుని ఆసుపత్రిలో ఉన్నారు. మేం ఏడో రోజున వెళ్ళాం. వాళ్ళకి మేం కావాల్సింది రెండో రోజున."

అధికారి ముందుకు వంగి, "అయితే మన పథకం సంగతేంటండీ?" అన్నాడు.

"ఏడో రోజు పథకం మొదలుపెట్టకండి. అన్ని ఊళ్ళలో నర్సులు తాళాలు చూసి రావడానికి తప్ప పనికిరాదు. పుట్టిన మొదటి రెండు రోజుల్లో వెళ్తే ఏమవుతుందో పరీక్షించాలి. ఉపయోగం ఉంటుందా అంటే నాకింకా తెలీదు. తెలిసినట్టు చెప్పను."

ఆయన ముఖం ముడుచుకుని సంచీ సర్దుకున్నాడు. మళ్ళీ కబురు చేస్తాననైనా అనలేదు. ఎదురుగా ఉన్న కొలువును, నాలుగేళ్ళ కష్టాన్ని మా కోడలు తన నోటితోనే వద్దనుకుంది. అంతా చూస్తుండగా, ఎవరూ అడక్కుండా.

చివర్లో ఎదురు కుర్చీ మనిషి తీర్పు చెప్పాలి. ఒప్పుకుంటాను, లేదా ఒప్పుకోను. ఒక్క మాట. అంతకుమించి అనకూడదు.

"ఒప్పుకోను," అన్నాను.

చెప్పి కూర్చోవాలి. కూర్చోలేదు. మైకు వదల్లేదు.

"మేడమ్, ఒక్క మాటేనండీ నియమం," అన్నాడు నిమ్మళం గారు, తన పేరు నిలబెట్టుకుంటూ.

"నియమాలు నాకు చెబుతున్నారా? కూర్చోండి!" అన్నాను. పాపం కూర్చున్నాడు. "వారం రోజులు ఈ సమాచారం నా దగ్గరుంది. కన్నం పట్టుకున్నాను. అంతటితో నా పని అయిపోయిందనుకున్నాను. ఆ కన్నంలో పిల్లలున్నారని నాకు తోచలేదు. ఆవిడకి పది నిమిషాల్లో తోచింది. అదీ ఎలాంటప్పుడు? నాలుగేళ్ళ పని కళ్ళముందే కూలిపోయినప్పుడు. ఈ కుర్చీలో కూర్చుని నేను చాలామంది నోళ్ళు మూయించాను. అందులో గొప్పేం లేదు, వయసొస్తే ఎవరికైనా వస్తుంది. ఇవాళ చూసింది మాత్రం నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ మా కోడలు. మీకందరికీ తెలుసని నాకు తెలుసు. అయినా మైకులో చెప్పుకోవాలనిపించింది. చెప్పాను."

చప్పట్లు కొట్టారో లేదో నాకు గుర్తులేదు. నేను తల ఎత్తేసరికి మా కోడలు అక్కడ లేదు.

వరండా చివర వాష్‌రూంలో దొరికింది. ముఖం మీద నీళ్ళు చల్లుకుంటోంది. ఎంత చల్లుకున్నా కళ్ళ ఎరుపు పోవడం లేదు. నా చేతిరుమాలు అందించాను. తీసుకుంది గాని నా వంక చూడలేదు.

"కోపంగా ఉందా?"

"ఉంది. బోలెడంత ఉంది. పొద్దున దువ్వెన పట్టుకుని వచ్చినప్పుడు ఇది చెప్పడానికే వచ్చారు కదూ?"

"అవును."

"చెప్పకుండా వెళ్ళిపోయారు."

"అవును."

రుమాలులో ముఖం దాచుకుంది. మా అబ్బాయి అన్న మాటే చెవిలో జోరీగలా తిరుగుతోంది. నియమం లేదు, గాడిదగుడ్డూ లేదు, పొద్దున చెప్పేసి ఉంటే ఏం పోయేది అని నన్ను నేనే తిట్టుకుంటున్నాను.

"మంచి పని చేశారు," అంది రుమాలులోంచే.

"ఏమిటీ?"

ముఖం ఎత్తింది. "ఇంట్లో చెప్పి ఉంటే నేనేం చేసేదాన్నో తెలుసా అత్తయ్యా? గబగబా ఆ పిల్లల్ని లెక్కలోంచి తీసేసేదాన్ని. అంకె మార్చుకునేదాన్ని. వచ్చి అందరి ముందూ గౌరవంగా చిన్న అంకె చెప్పేదాన్ని. ఆ కన్నం పూడ్చేసేదాన్ని అంతే, అందులోకి తొంగిచూసేదాన్ని కాదు. వాళ్ళు మళ్ళీ తాళాల వెనకాలే ఉండిపోయేవాళ్ళు."

ఇంకెవరి కోడలైనా ఆ మాట అని ఉంటే నేను చేతులెత్తి దణ్ణం పెట్టేదాన్ని. నా కోడలే కావడంతో, ఆ అద్దాల ముందు, వచ్చేపోయే విద్యార్థులంతా చూస్తుండగా, సిగ్గూ ఎగ్గూ లేకుండా దాన్ని పట్టుకుని భోరుమన్నాను.